ఆఖరున దిగేది

“ఎవుడన్నా ఒంటి మీద చెయ్యేస్తే నోరు మూసుకోకండి, మా సంస్థకి ఫోన్ చెయ్యండి,” అని మిరప చేలో కూలీ ఆడవాళ్ళకు చెప్పి, నాజియా స్కూటీ తీసింది.

వాళ్ళలోంచి సలోమి పరిగెత్తుకొచ్చింది. “అక్కా, నన్ను ఇంటికాడ దించుతావా?”

“మీ మేస్త్రీ ఆటో ఉందిగా?”

“దాంట్లో ఆఖరున దిగేది నేనే. అందరూ దిగినాక ఆటోని చేల మధ్య డొంకలోకి తిప్పుతాడక్కా.”

నాజియా వెనక సీటు చూపించింది. “ఎక్కమ్మా.”

అంతలో కెజియా వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. “అది నీతో వస్తే ఇయ్యాల ఆఖరున దిగేది నేనక్కా.”

“నువ్వూ ఎక్కు.”

ఆటోలోంచి మేస్త్రీ హారన్ కొట్టాడు. “ఏందే, ఎక్కరా? మిమ్మల్ని దించి నేను ఇంటికి పోవద్దా?”

మిగతా ఆడవాళ్ళెవరూ కదల్లేదు. ఇవాళ ఆఖరి ఇల్లు ఎవరిదా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.