తోక దగ్గర విరిగింది

"అలే విరగ్గొట్టింది," అన్నాడు ఆయన, ఎవరూ అడక్కముందే.

బోర్డులు బాగుచేసే మేస్త్రీ ముక్కుకు కట్టుకున్న గుడ్డను అప్పుడే కిందికి లాక్కుని, మోచేతుల దాకా అంటిన తెల్లటి పొడి దులుపుకుంటున్నాడు. భార్యాభర్తలిద్దరూ మోసుకొచ్చి బల్ల మీద పెట్టిన సర్ఫ్ బోర్డును ఇంకా సరిగ్గా చూడనైనా లేదు. దానికి ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్క. పైనున్న నీలం తొడుగు ఒక్కటే రెండింటినీ విడిపోకుండా పట్టుకుని ఉంది.

"అతుకుతుందా?" అంది ఆవిడ.

"అతకదు," అన్నాడు ఆయన.

"నేనడిగింది మిమ్మల్ని కాదు."

"ఎవర్నడిగితే ఏముంది? ట్రిప్పు అయిపోయినట్టే. ఏడు తీరాలు అనుకున్నాం, నాలుగు చూశాం. మిగతా మూడూ ఎక్కడికీ పారిపోవు. ఇప్పుడు బయల్దేరితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం."

"మీరు బయల్దేరండి. ఆ మూడూ అయ్యాక నేను బస్సులో వస్తాను."

"దేని మీద తేలుతావు? తలుపు చెక్క మీదా?"

"మీరు కొనిచ్చిన ఈ పరుపు కన్నా తలుపు చెక్కే నయం."

పరుపు అనడంలో పెద్ద అతిశయోక్తి లేదు. నేర్చుకునేవాళ్లకిచ్చే మెత్తటి బోర్డు అది. అల మీద నిలబడనిస్తుంది గానీ తిరగనివ్వదు. స్కూలు బస్సులాగా తిన్నగా ఒడ్డుకు తెచ్చి దింపేస్తుంది. అల వాలు వెంబడి పక్కకు జారిపోవాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుంటోంది. అందుకు గట్టి బోర్డు కావాలి.

"ఇది విరిగితే కొంటానన్నారు," అంది ఆవిడ. "విరిగిందిగా."

"నిన్నటి అలకి చిట్లి, పొద్దునకి ఇలా విరుగుతుందని అనుకున్నానా! ఇంత లావు బోర్డునే విరిచిన అల రేపు నిన్ను వదుల్తుందా? యాభై రెండేళ్ల మనిషివి."

"యాభై రెండేళ్ల మనిషినే. నిన్న పొద్దుట్నుంచీ తొమ్మిదిసార్లు నిలబడ్డాను. ఒక్కసారి పడ్డానా? ఒడ్డున గొడుగు కింద కూర్చుని మీరే కదా లెక్కపెట్టారు!"

"ఏడుసార్లే."

"రెండుసార్లు మీరు కునుకు తీశారు."

మేస్త్రీకి నవ్వొచ్చింది. బయటపెట్టకుండా బోర్డు మీదికి వంగాడు. విరిగిన చోట బొటనవేలితో నొక్కి, వాసన చూశాడు. తిరగేసి మళ్లీ నొక్కాడు.

"సార్, దీన్ని అల విరిచిందని ఎవరన్నారు?"

"నేనే అన్నాను," అన్నాడు ఆయన. గొంతులో ఇందాకటి బలం లేదు.

"అల విరిస్తే నడుం దగ్గర విరుస్తుంది సార్. నా దగ్గరికి ఏ బోర్డొచ్చినా అక్కడే. ఇదేమో వెనక కొసన, తోక దగ్గర విరిగింది. ఈ అడ్డచారలు చూశారా? పైన ఇవి, కిందేమో కంకర గుచ్చుకున్న గుంటలు. నాకు తెలిసి ఏ సముద్రానికీ టైర్లు ఉండవు."

ఆయన తలెత్తి దుకాణంలో తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా చూడసాగాడు.

"ఏవండీ," అంది ఆవిడ.

"పొద్దున బస దగ్గర కారు వెనక్కి తీస్తుంటే ఏదో టప్పుమంది. కర్రేమో అనుకున్నా."

"దిగి చూశారా?"

"చూశాను."

"చూసి?"

"మళ్లీ గోడకి ఆనించాను."

"గాలికి పడిపోయిన దాన్ని తొక్కించి, నోరు లేని సముద్రం మీదికి నెట్టేశారన్నమాట! పైగా నా వయసు ఒకటి అడ్డం పెట్టుకున్నారు."

"కోప్పడతావని..."

"కోప్పడటం లేదు. కొనుక్కుంటున్నాను."

ఆవిడ గోడ వైపు నడిచింది. వరసగా నిలబెట్టిన బోర్డుల్లోంచి సన్నగా, పొట్టిగా ఉన్న ఒక దాన్ని తనే లాగి చంకలో ఇరికించుకుంది.

"అది కుర్రాళ్లు వాడేది మేడమ్," అన్నాడు మేస్త్రీ.

"కుర్రాళ్లెవరైనా ఎదురొస్తే పక్కకి తప్పుకోమనండి. కాలికి కట్టుకునే తాడు కూడా కొత్తది ఇవ్వండి. కింద బిగించే రెక్కలు కూడా."

"మరీ అంత పొట్టిదా? కనీసం ఆ పక్కది..." అన్నాడు ఆయన.

"ఇవాళ మాట్లాడే హక్కు మీకుందంటారా?"

ఆయన లేదనే తేల్చుకున్నట్టు జేబులోంచి పర్సు తీశాడు. చెల్లించాక తాళంచెవులు ఆడిస్తూ, "కారు వాకిట్లోకి తెస్తాను. పైన కట్టేద్దాం. చీకటి పడకముందే అయిదో తీరానికి చేరాలి," అన్నాడు, అసలు ఆ ఆలోచన తనదే అన్నంత ఠీవిగా.

ఆయన బయటికి వెళ్లగానే మేస్త్రీ కొత్త బోర్డును బోర్లించి రెక్కలు బిగించడం మొదలుపెట్టాడు. రెండు బిగించాక ఆగాడు.

"మేడమ్, తప్పుగా అనుకోకపోతే ఒక్క మాట. పొద్దున ఈ తీరంలో ఆకు కూడా కదల్లేదు. గోడకి ఆనించిన బోర్డు గాలికెలా పడింది?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన కారును వెనక్కి తీస్తున్నాడు, ఎడమవైపు అద్దం అనేది ఒకటుందన్న ధ్యాసే లేకుండా.

"పడలేదు బాబూ," అంది, కాలి తాడు గట్టిదో కాదో లాగి చూసుకుంటూ. "ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన ఎటు చూడరో, అటే పడుకోబెట్టాను."