ఎదురుకాళ్ళ హేమావతి

“మూడుసార్లు తొక్కితే చాలు పాపా. పొద్దున్నుంచి ఈపు పట్టేసుకుండాది,” అంటూ వీరప్ప తన భార్య అంజనమ్మను హేమావతి ఇంటి పంచలోకి నడిపించుకొచ్చాడు.

బెళుగుప్ప చుట్టుపక్కల వీపు పట్టేస్తే మాత్ర మింగే ఓపిక ఎవరికీ లేదు. కాన్పులో తల కాకుండా కాళ్ళు ముందొచ్చి, ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషిని వెతుక్కుని తొక్కించుకుంటారు. హేమావతి అట్లా పుట్టిందే. కానీ ఏడాదిగా ఎవరి వీపు మీదా కాలు పెట్టడం లేదు. తల్లి బయమ్మ పోయినప్పటి నుంచి ఆమెకు గాలి సోకిందని ఊరంతా గుసగుస.

మిట్టమధ్యాహ్నం. గుట్ట మీద గాలిమరలు కూడా కదలడం లేదు. మూలన చుట్టిపెట్టిన చాప కోసం అంజనమ్మ చెయ్యి చాచింది.

“అది ముట్టొద్దత్తా,” అంది హేమావతి. ఆ చాప వైపే చూస్తూ, ఎవరో చెప్తుంటే వింటున్నట్టు తల వంచింది. “దవడ గుంజుతాందా?”

“ఊఁ. నేను చెప్పనే లేదు కదా.”

“ఎడమచెయ్యి బరువుగా ఉండాదా? వాంతి వచ్చినట్టుండి రావడంల్యా?”

అంజనమ్మ మొహం పాలిపోయింది. నీడలో కూర్చున్నా రవిక చెమటతో ముద్దయింది. వీరప్ప ఒకడుగు వెనక్కి వేశాడు.

“ఎవరు చెప్తాండారు నీకు?”

“ఇది పట్టు కాదు మామా, గుండె,” అంటూ హేమావతి 108కి ఫోను చేసింది.

“గుండె అయితే రొమ్ములో నొప్పుండల్ల కదమ్మా. సెనక్కాయల మూట ఎత్తినాది, అంతే. ఒక్కసారి కాలు పెట్టు.”

“పెట్టను.”

ఆ గొంతుకు వీరప్ప భయపడ్డాడు. అంబులెన్సు రాగానే అంజనమ్మను ఎక్కించి తనూ ఎక్కాడు.

నాలుగో రోజు ఒక్కడే వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“బతికినాది పాపా. ఆడోళ్ళకు రొమ్ములో నొప్పి లేకున్యా గుండెపోటు వస్తాదంట. ఈపు, దవడ, చెమట, అన్నీ నువ్వు చెప్పినట్టే చెప్పినాడు డాక్టరు. ఇంకొంచేపు ఆగింటే దక్కేది కాదంట.” చాప వైపు చూడలేక చూశాడు. “నిజం చెప్పు. ఆ పొద్దు నీ చెవిలో చెప్పింది మీయమ్మేనా?”

“చెవిలో కాదు మామా. పోయినేడాది ఆ చాప మీద బోర్లా పండుకొని ఇవే చెప్పింది. గుండెపోటని ఆస్పత్రిలో తర్వాత తెలిసింది.”

హేమావతి తన కుడికాలి వైపు చూసుకుంది.

“అప్పటికే నేను తొక్కినా.”