ఏడో నంబరు బూట్లు

"మా తమ్ముడికి మంచు బూట్లు కావాలన్నయ్యా. ఏడో నంబరు," అంటూ ఆవిడ పాత బూటు ఒకటి కౌంటరు మీద పెట్టింది.

నా కొట్లో కొన్నదే. అడుగున తొమ్మిది అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళు కొండలెక్కి ఈ కొట్టు పెట్టాను. బూట్ల విషయంలో నా మాటకు తిరుగులేదు.

"ఇదేమన్నా కూరగాయల బేరమామ్మా? అతన్నే రమ్మనండి. తొమ్మిది వేసుకునే మనిషికి ఏడెలా పడుతుంది? పాదాలు కుంచించుకుపోతాయా ఎక్కడైనా?"

ఆవిడ సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది. దాని మీద రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీసి ఉంది. మడమలు గుండ్రంగానే ఉన్నాయి. ముందువైపు మాత్రం రెండు పాదాలూ కత్తిరించినట్టు తిన్నగా ఆగిపోయాయి.

"వేళ్ళు మంచుకి నల్లబడిపోయాయి. పదీ తీసేశారు," అంది. "ఇవి కొండకి కాదులెండి. అడుగు గట్టిగా ఉన్న బూట్లయితే పడిపోకుండా ఇంట్లో నాలుగడుగులు వేస్తాడన్నారు డాక్టరుగారు."

నేను నిచ్చెనెక్కి పెట్టె దించాను.

"కాస్త వదులుగా ఉండేవి చూడండి. రక్తం ఆడాలట. పోయినసారి వాడు పది అడిగితే, బిగుతుగా ఉంటేనే కొండ మీద పట్టు దొరుకుతుందని మీరు తొమ్మిది ఇచ్చారటగా."

నేను పెట్టె మూత తీయలేకపోయాను.

"మీకైతే బాగా తెలుసని, మళ్ళీ మీ దగ్గరికే పంపాడు."