సేనాపతి సంతకం

చొక్కాలకు గుండీలు కుట్టే గుండీల అవ్వ అంటే ఎవరైనా నన్నే చూపిస్తారు. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో ఇద్దరం: నేనూ, యుద్ధానికి వెళ్లిన నా కొడుకూ.

ముప్పైయేళ్ల కిందట పేరుమోసిన సేనాపతి నాకు ఉత్తరం రాశాడు. మొన్న గొప్పవాళ్ల సంతకాలు పోగుచేసే పెద్దమనిషి ఒకడు చూసిస్తానని తీసుకుని, అడుగున సంతకం కత్తిరించుకుని, మిగతా కాగితం నా మొహాన కొట్టాడు. అయ్యా జడ్జిగారూ, ఆ ముక్క నాకు ఇప్పించండి.

“ఉత్తరంలో ఏముందవ్వా?” అని ఈ ఫిర్యాదు రాసే గుమాస్తా అడుగుతున్నాడు.

“ఏముంటే నీకెందుకు? మావాడొచ్చి చదివిపెడతాడు.”

“చదవకపోతే కేసు నిలవదవ్వా.”

చదివాడు. గట్టిగా మొదలుపెట్టినవాడు చివరికి గొణిగాడు.

బాబూ, పైన ఇద్దరం అని రాశావు కదా. ఒక్కదాన్నే అని దిద్దు.

నా వేలిముద్ర ఇది. చూసినవాళ్లు: రాసిన గుమాస్తా, పక్కింటి దర్జీ.