అప్పలరాజు దెబ్బ

పెళ్లికొడుకు కారు షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. నుదుట బాసికం, బుగ్గన చుక్క, చేతిలో కొబ్బరిబోండాం.

అతని కారు జాకీ మీద ఉంది.

బారువలో బయలుదేరిన కారు టెక్కలి చేరాలి. కాశీబుగ్గ దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రాలు టకటకలాడుతూ ఊగడం మొదలెట్టాయి. చుట్టాల బస్సు ముందే వెళ్లిపోయింది. ముహూర్తం పన్నెండూ పదికి. ఇప్పుడు టైము తొమ్మిదిన్నర.

కారు కింద నుంచి మెకానిక్ ఢిల్లీరావు తల బయటపెట్టాడు.

“బాల్ జాయింట్లు రెండూ అరిగిపోనాయి బావూ. సక్రాన్ని పట్టుకునే కీళ్లవి. ఇలగే ఎల్తే దార్లో సక్రం మడత పడిపోద్ది.”

“ఇంకో కారు చూద్దామా మావా?” అన్నాడు పెళ్లికొడుకు మోహన్.

“మూఢం ఎల్లాక మొదటి లగ్గంరా ఇది! ఊళ్లో కాలీ కారు ఎక్కడుంటాది? ఆటోలో దిగుతావేటి పెళ్లికి?” అని మేనమామ గోవిందరావు కసిరాడు.

“గంటన్నరలో మార్సేత్తాను బావూ,” అన్నాడు ఢిల్లీరావు.

అనడమైతే అన్నాడు గానీ, లోపల అంత ధైర్యం లేదు. మేస్త్రీ అప్పలరాజు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకున్నాడు. షెడ్డు తన చేతికొచ్చి ఇవాళ్టికి రెండో రోజు.

పాత జాయింటు తుప్పుతో బిగుసుకుపోతే అప్పలరాజు సుత్తితో ఇట్టే ఊడగొట్టేవాడు. ఇచ్ఛాపురం నుంచి నరసన్నపేట దాకా డ్రైవర్లందరూ దాన్ని ‘అప్పలరాజు దెబ్బ’ అనేవారు. ఆరేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్న ఢిల్లీరావు ఆ చప్పుడు వందసార్లు విన్నాడు. ఒక్కసారీ చూడలేదు. సరిగ్గా ఆ వేళకే మేస్త్రీ టీ తెమ్మని తరిమేసేవాడు మరి!

ఎడమవైపు జాయింటు ఎలాగో ఊడింది. కుడివైపుది మొండికేసింది.

ఢిల్లీరావు కింద నుంచి బోల్టు నెత్తి మీద కొట్టాడు. కదల్లేదు. నూనె పోసి కొట్టాడు. ఊహూఁ.

మేస్త్రీకి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది. “మందేసుకుని పడుకున్నాడు నాయినా, లేసినాక సెయ్యి,” అని పెట్టేసింది.

పదిన్నర అయింది. గోవిందరావు షెడ్డులో పచార్లు చేస్తున్నాడు. మోహన్ బాసికం పక్కకి జారినా సర్దుకోవడం లేదు.

“ఓ నాయినా, నెత్తి మీద కొడతన్నావేటి? సెంప మీద కొట్టు.”

అందరూ తలతిప్పారు. షెడ్డు ముందు నీడలో ఆటో కోసం నిలబడ్డ ఒక ముసలావిడ. చేతులు మణికట్ల దాకా జీడిపిక్కల సొనకి నల్లబడి ఉన్నాయి.

గోవిందరావుకి ఒళ్లు మండింది. “కారు పనంటే జీడిపిక్కలు కొట్టడం అనుకున్నావేటే ముసలీ?”

“రెండూ కొట్టుడే కదా బావూ!” అందామె, ఏమీ నొచ్చుకోకుండా. “పిక్కని నెత్తి మీద కొడితే లోపల పప్పు నుగ్గయిపోద్ది. సెంప మీద కొడితే నిండుగా ఊడొత్తాది. ఎనకాల ఇంకో సుత్తి అడ్డెట్టు నాయినా.”

ఢిల్లీరావు బోల్టు వంక చూశాడు. నిజమే, నెత్తి నుగ్గయ్యేలానే ఉంది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే నట్టు కూడా రాదు.

ఏమైతే అదయిందని లేచాడు. జాయింటు దూరిన ఇనప కన్నానికి ఒక పక్క పెద్ద సుత్తి ఆనించి, రెండో పక్క చెంప మీద ఇంకో సుత్తితో కొట్టాడు.

ఠంగ్.

“బయపడకు. ఇంకోటి.”

ఠంగ్... ఠప్!

జాయింటు జారి కిందకి వేలాడింది.

ఢిల్లీరావు ఒళ్లు ఝల్లుమంది. అది వందసార్లు విన్న చప్పుడే!

పక్క షెడ్లవాళ్లు ఈలలు వేశారు. గోవిందరావు పట్టు కండువాకి గ్రీజు అంటుతున్నా లెక్కచేయకుండా ఢిల్లీరావుని వాటేసుకున్నాడు. కొత్త జాయింట్లు ఎక్కాయి, నట్లు బిగిశాయి, పిన్నులు పడ్డాయి. ఢిల్లీరావు చక్రం పట్టుకుని ఊపి చూశాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

“ఎల్లండి బావూ! పెళ్లయినాక ఒకపాలి అలైన్‌మెంటు సూపించండి!”

పదకొండుంబావుకి కారు హారన్ మోగించుకుంటూ హైవే ఎక్కింది.

పన్నెండు కొట్టకుండానే మోహన్ ఫోన్ చేశాడు. వెనకాల సన్నాయి, డోళ్లు హోరెత్తుతున్నాయి.

“వచ్చేశాం మేస్త్రీ!” అని అరిచాడు.

మేస్త్రీ! జీవితంలో మొదటిసారి ఒకడు తనని మేస్త్రీ అన్నాడు. ఢిల్లీరావుకి కళ్లు చెమర్చాయి. ఆ మాట ముసలావిడతో చెబుదామని గబగబా బయటికొచ్చాడు.

నీడ ఖాళీగా ఉంది. ఈ సంబరంలో ఆమె ఎప్పుడు ఆటో ఎక్కిందో ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం అప్పలరాజే ఫోన్ చేశాడు.

“మేస్త్రీ! మీ దెబ్బ నాకొచ్చీసింది!” ఢిల్లీరావు గొంతులో ఆనందం ఆగడం లేదు.

“ఎవుడు సూపించాడ్రా?”

“ఎవలో ముసలమ్మ. జీడిపిక్కలు కొడతాదట. సెంప మీద కొట్టమంది.”

అప్పలరాజు గొంతు తగ్గించాడు.

“‘రెండూ కొట్టుడే కదా’ అందా?”

ఢిల్లీరావు నోరు వెళ్లబెట్టాడు. “మీకెలగ తెలుసు మేస్త్రీ?”

“ఆడమనిసి కాడ నేర్సుకున్నానని తెలిసిపోద్దన్న సిగ్గుతోనేరా నిన్ను టీకి తోలేవోన్ని. ఆయమ్మ పేరేటిరా?”

“అడగనేదు మేస్త్రీ.”

“ముప్పై ఏళ్ల కిందట నానూ అడగనేదురా,” అన్నాడు అప్పలరాజు. “అందుకే ఆయమ్మ దెబ్బకి అందరూ నా పేరెట్టీసారు.”