తప్పు జవాబులు

"ఈ పరీక్ష రాయనిదే ఫైలు ముందుకు కదలదు ఆంటీ. అందరికీ ఒకటే రూలు" అంది గుమాస్తా షనీల్, నీలం అట్ట పుస్తకం బల్ల మీద పెడుతూ.

"నాకు పరీక్షేమిటే? పరీక్షలనే పరీక్షించేదాన్ని నేను."

"అదేగా మరి! మీకిది మంచినీళ్ళ ప్రాయం." నవ్వి, టీ కప్పు పక్కన పెట్టి ఆ పిల్ల వెళ్ళిపోయింది.

డాక్టర్ లావోనా జాఫ్తా మానసిక శాస్త్రవేత్త. నల్లవాళ్ళకీ, తనలాంటి మిశ్రమజాతి వాళ్ళకీ బుర్ర తక్కువని సైన్సు పేరుతో ఎవరెవరు ఎలా తేల్చారో ఇరవై ఏళ్ళుగా తవ్వుతోంది. ఇప్పుడు ఆ అన్యాయాలన్నీ చూపించే మ్యూజియం కేప్‌టౌన్‌లో పెడుతున్నారు. దానికి డైరెక్టరుగా ఆమె పేరు దాదాపు ఖాయం. ఆ "దాదాపు" కాస్తా ఈ నీలం పుస్తకంలో ఉంది.

మొదటి పేజీ తిప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. మీటలు లేని పియానో బొమ్మ. "ఇందులో లేనిదేమిటి?"

ఎనభై ఏళ్ళ కిందట ఓ ప్రొఫెసరు ద్రాక్షతోటల కూలీల పిల్లల ముందు పెట్టిన బొమ్మ అది! జన్మలో పియానో చూడని పిల్లలు. వాళ్ళ జవాబులు చూసే, వీళ్ళు చదువుకు పనికిరారని ఆయన రాసిపారేశాడు. ఆ కాగితాలన్నీ ఆమే వెతికి పట్టుకుంది. గబగబా మిగతా పేజీలు తిప్పింది. అదే పరీక్ష. అట్ట మారింది, గుర్రబ్బండి కారైంది, దొర మేనేజరయ్యాడు. అంతే తేడా.

లావోనాకి ఒళ్ళు మండింది. సరైన జవాబులన్నీ ఆమెకు నోటికి వచ్చు. పది నిమిషాల్లో నూటికి నూరూ కొట్టెయ్యొచ్చు. అప్పుడు, "చూశారా, మా పరీక్షలో పక్షపాతం ఎక్కడుంది?" అని ఆ మార్కులే ఊరంతా చూపిస్తారు. రాయకుండా లేచి వెళ్ళిపోతే జడిసి పారిపోయిందంటారు.

కాసేపు ఆలోచించి పెన్ను తీసింది. పియానోకి లేనిదేమిటి? "వాయించేవాడు" అని రాసింది. అది ఆ పాత కాగితాల్లో కట్రీనా అనే ఏడేళ్ళ పిల్ల చెప్పిన జవాబు. ఒకడి దగ్గర నాలుగు ఆపిల్స్ ఉన్నాయి, పక్క తోటలో చెప్పకుండా మూడు కోశాడు, వాడికి మొత్తం ఎన్ని? "చచ్చేటన్ని దెబ్బలు." అది యోహానెస్‌ది. వంటమనిషి, డ్రైవరు, మేనేజరు, గుర్రం - వీటిలో కలవనిదేది? "మేనేజరు. మిగతావాళ్ళు పనిచేస్తారు."

రాస్తుంటే నవ్వొచ్చింది. కళ్ళు కూడా చెమర్చాయి. ముప్పై ప్రశ్నలకీ ముప్పైమంది పిల్లలు ఆమెకు తోడొచ్చారు. సున్నా రానీ. అప్పుడు మ్యూజియం బోర్డు మొత్తాన్నీ కూర్చోబెట్టి, ఒక్కొక్క జవాబూ, అది చెప్పిన బిడ్డ పేరూ చదివి వినిపించాలి. డాక్టరుకే సున్నా వేసిన పరీక్ష ఏం పరీక్షని నిలదీయాలి.

మర్నాడే పిలుపొచ్చింది. తీరా వెళ్తే బోర్డు లేదు. గదిలో చైర్మన్ ఫూరీ ఒక్కడే ఉన్నాడు. తెల్లజాతి పెద్దమనిషి, ఈ మ్యూజియం కోసం పదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగినవాడు.

"మిస్టర్ ఫూరీ, ఆ జవాబులు నావి కావు..."

"ష్!" ఆయన గబుక్కున లేచి తలుపు వేసొచ్చాడు. "కాపీ కొట్టానని మాత్రం అనకండి, ఇంకా పరువు తక్కువ. మీ కాగితం నేను తప్ప ఎవరూ చూడలేదు. చించేశాను."

"చించేశారా?"

"ఉద్యోగం మీకే. ఇక ఆ సంగతి మర్చిపోండి." ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, కన్నతండ్రిలా గొంతు తగ్గించాడు. "బాధపడకండి డాక్టర్. ఈ పరీక్షలంటే ఇన్నేళ్ళూ మీకంత కోపమెందుకో నాకిప్పుడు అర్థమైంది."