నాలుగో కాలు

కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయి. అయినా వెంకటరామారావు గారి కొట్టంలో దానికొక ఉద్యోగం ఉంది. కోడిపెట్ట అందులో గుడ్లు పెడుతోంది.

"ఆ కుర్చీ నాకియ్యిండ్రి దొరా," అంది సక్రి.

"ఏందే, పొయ్యిలకా?"

"కాదు. కూసునేటందుకు."

వెంకటరామారావు గారు వరండాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. సక్రి మెట్టు కింద నేల మీద కూర్చుని ఉంది. తండా వాళ్లంతా ఆయన ముందు అక్కడే కూర్చుంటారు. ఎవరూ చెప్పక్కర్లేదు.

"మీ తండాల కుర్చీ ఎక్కేటోడు ఎవడే?"

"సోమవారం ఒక పెద్దమనిషి వస్తుండు. కింద కూసోబెడితే బాగుండదు."

"కూసుంటే ఏమైతది? మీరంతా కూసుంటలేరా?"

"కూసుంటున్నం దొరా. అందుకే తెలుసు."

"అల్లుడా ఏంది?"

"కాదు. మీకు బాగ తెలిసినాయనే."

"సరే, రెండు రోజులు పత్తి గింజలు పెట్టి తీస్కపో."

సక్రి రెండు రోజులు నడుం వంచి గింజలు పెట్టింది. కోడిపెట్టను లేపి, కుర్చీని నెత్తిన పెట్టుకుని తండాకు నడిచింది.

చేతిలో పైసా లేదు. మిగిలింది మూడు రోజులు.

ఆమె భర్త బిచ్యా విరిగిన నాగలి మేడిని చెక్కి నాలుగో కాలు బిగించాడు. అంగుళం పొట్టిదైంది. కింద సైకిల్ టైరు ముక్క కొట్టాడు. ఇప్పనూనె రాసి రాసి లోపలి టేకు రంగును బయటికి రప్పించాడు. కూర్చునేచోట కుంగిపోయిన పాత అల్లిక తీసేసి సక్రి నులక అల్లింది. అద్దాలు కుట్టిన తన పెళ్లినాటి లంగా కత్తిరించి పైకి మెత్త కుట్టింది.

"అద్దాలు ఊడదియ్యవా? గుచ్చుకుంటయ్ ఆయనకు," అన్నాడు బిచ్యా.

"కొంచెం గుచ్చుకోనియ్."

శనివారం అటుగా పోతూ వెంకటరామారావు గారు ఆ కుర్చీని చూసి ఆగిపోయారు.

"అది మా నాయన కుర్చీ. గిట్లుంటదనుకోలే. ఇంటికి పంపియ్."

"కూలి చేసి కొనుక్కున్న దొరా."

"నాకే ఎదురు చెప్తున్నవా? రేపట్నించి మా చేలకు వస్తవా, రావా?"

బిచ్యా గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆయన చేలు తప్ప వాళ్లకు వేరే కూలి లేదు. సక్రి మాత్రం లేవలేదు. మెత్తకు కుట్టు వేస్తూనే ఉంది.

"సోమవారం దాంట్ల కూసునే ఆయనను అడుగుండ్రి. ఆయన ఇయ్యమంటే అప్పుడే ఇస్త."

"ఎవడే వాడు, అంత మొనగాడు?"

"వచ్చినంక చూద్దురు గాని."

ఆదివారం బిచ్యా కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ ధబ్బున కూర్చున్నాడు. కుర్చీ కదల్లేదు.

"ఇది నిలబడ్డది," అన్నాడు. "ఇగ నువ్వు నిలబడాలె."

"నేనెందుకు నిలబడత?" అంది సక్రి.

సోమవారం పది గంటలకు, ఇరవై ఏళ్లుగా ఒక్కటే కుర్చీ ఉన్న పంచాయతీ ఆఫీసులో, చార్జి అప్పగించడానికి వచ్చిన పాత సర్పంచి వెంకటరామారావు గారికి, ఆ ఒక్క కుర్చీలో కూర్చున్న కొత్త సర్పంచి సక్రి గారు ఎదురుగా ఉన్న అద్దాల కుర్చీ చూపించారు.